పచ్చాకు లేని ఏడు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. కర్నూలు రాజధాని అయిందని ఊళ్లో పెద్దలు ముచ్చటించుకునేవాళ్లు. మాకు మాత్రం వరుసగా రెండో ఏడు కూడా వాన పడలేదు. సింహాద్రిపురం దగ్గరి పల్లె మాది. బావి అడుగున బురద తేలింది, పెరట్లో ఆకుకూర మడి పగుళ్లిచ్చింది. ఉన్న ఒక్క మునగచెట్టూ మోడైంది. పొద్దునా సాయంత్రమూ జొన్నసంగటి, ఎర్రకారం. చూలుతో ఉన్న ఆవుకు పాత జొన్నసొప్ప, అదీ అయిపోయాక కొట్టం పైకప్పు గడ్డి.

ఆ ఏడే మేనత్త తొలికాన్పుకని మా ఇంటికొచ్చింది. ఆమె అత్తగారిది ప్రొద్దుటూరు అవతల రాజుపాలెం వైపు, కాలవ నీళ్లు పారే ఊరు. వచ్చినప్పుడు బుగ్గలు నిండుగా ఉండేవి.

రెండు నెలలు గడిచాక ఒక సాయంత్రం వాకిట్లో నీళ్ల ముంతను కాలితో తన్నేసింది. నీళ్లన్నీ నేలపాలు. మా నాయన తల్లి, మేం జేజి అని పిలిచేవాళ్లం, కేకలేసింది.

“కండ్లు యాడ పెట్టుకోని నడుస్తాండావే? గుక్కెడు నీళ్లకు ఎంత అగసాట్లు పడ్తాండామో తెలీదా?”

“చీకటైంది గదమ్మా, కనపళ్ళేదు,” అంది అత్త.

నిజానికి అప్పటికింకా చీకటి పడలేదు. గోడవారన గింజలు ఏరుకుంటున్న కోడి నాకు స్పష్టంగా కనిపిస్తోంది.

కొన్నాళ్లకు ఆవు ఈనింది. దూడ లేచి నిలబడింది కానీ, పొదుగు వెతుక్కోలేక గోడకు తల కొట్టుకుంది. నాయన దాని కళ్ల ముందు చెయ్యి ఆడించాడు. ఆ పెద్ద కళ్లు రెప్ప వెయ్యలేదు.

“గుడ్డిది,” అన్నాడు మెల్లగా.

కడుపుతో ఉన్న పిల్ల దాన్ని చూడకూడదని జేజి కొట్టం తలుపు మూసింది. అత్త ఆ మధ్యాహ్నమే తలుపు తీసుకుని లోపలికెళ్లింది. దూడ పక్కన కూర్చుని చాలాసేపు దాని ముఖం నిమిరింది. వెనకే వెళ్లిన మా అమ్మతో అంది:

“వదినా, పొద్దు గూకితే నాకూ ఇంతే. ఏమీ కనపడదు. చెప్తే అమ్మ భయపడ్తాదని చెప్పలే. నా బిడ్డ గూడా ఇట్లే పుడ్తాదేమో.”

మర్నాడు నాయన బండి కట్టాడు. జేజితో పాటు నేనూ ఎక్కాను. పులివెందుల ఆసుపత్రిలో డాక్టరు కోస్తా మనిషి. ఏం తింటున్నావని అత్తను అడిగాడు.

“సంగటీ, కారమూ.”

“పాలు? ఆకుకూరలు?”

“ఆకు యాడుంది సామీ?” అంది జేజి. “ఆవుకే పచ్చిగడ్డి ల్యాకపాయ, పాలు యాడొస్తాయి? దానికి పుట్టిన దూడ గూడా గుడ్డిదే.”

డాక్టరు అత్త కంటిరెప్పలు విప్పి చూశాడు. “రెండింటికీ కారణం ఒకటేనమ్మా, పచ్చనిది కడుపులో పడకపోవడం. దూడకు ఇక చూపు రాదు. ఈ అమ్మాయికి వస్తుంది,” అని చేపనూనె సీసా ఇచ్చాడు. ఆకుకూర దొరికే చోట ఉంచితే బిడ్డకు మంచిదన్నాడు.

తిరుగుదారిలో అత్త, “నేను రాజుపాలెం పోతా,” అంది.

“తొలికాన్పు పుట్టింట్లో కాకుంటే ఊరేమంటాదే? కూతురికి ఇంత కూడు పెట్టలేకపాయిరి అంటారు.”

“అననీమ్మా. పెట్టలేకపోయిన మాట నిజమే గదా.”

జేజి కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఊరు చేరేదాకా తియ్యలేదు.

నాయన అత్తను రాజుపాలెంలో దిగబెట్టి వచ్చాడు. ఆమెకు ఆడపిల్ల పుట్టిందనీ, బక్కగా ఉన్నా కళ్లు బాగున్నాయనీ, అత్తకూ చూపు తిరిగొచ్చిందనీ కబురొచ్చింది. జేజి చూడ్డానికి వెళ్లలేదు. ఏ ముఖం పెట్టుకుని పోవాలి అనేది.

దూడ నోటికి నాయన రోజూ పొదుగు అందించేవాడు. ఎండలు ముదిరాక అది చనిపోయింది. మేత లేక ఆవును సంతకు తోలాడు.

అదే ఎండల్లో ఊళ్లో పిల్లలకు తట్టు పోసింది. మూడేళ్ల మా తమ్ముడికీ వచ్చింది. ఒంటిమీద పొక్కులు తగ్గాయి కానీ వాడు కళ్లు తెరవలేదు. తెరిచేసరికి ఎడమకంటి మీద తెల్లటి పొర. జమ్మలమడుగు ఆసుపత్రికి పరుగెత్తాం. అక్కడి డాక్టరమ్మ అమ్మను అడిగింది: “తట్టుకు ముందు సాయంత్రాలు తడబడేవాడా?”

పొద్దు గూకితే చాలు, వాడు అమ్మ చీర కుచ్చెళ్లు వదిలేవాడు కాదు. పిరికివాడని మేం నవ్వేవాళ్లం. అత్త కడుపుతో ఉంది కాబట్టి ఆమె కళ్లను పట్టించుకున్నాం. అదే కూడు తింటున్న మా సంగతి పులివెందులలో ఎవరమూ అడగలేదు.

కుడికన్ను దక్కింది. ఎడమది పోయింది.

ఆ పై ఏడు వానలు పడ్డాయి. గట్ల నిండా చెంచలాకు, గురుగాకు మొలిచాయి. జేజి ఒళ్లో పట్టినంత కోసుకొచ్చి కుప్పపోసేది. అమ్మ పప్పులో వేసి వండి తమ్ముడికి ముద్దలు కలిపేది. వాడు మూతి తిప్పుకునేవాడు.

“వద్దు. చేదు.”

“నా నాయన గదా, ఒక్క ముద్ద,” అని అమ్మ బతిమాలేది.