చిలకలపూడి మెరుగు పెట్టిన గాజు పలక

ఆ రోజుల్లో మా బందరు కాలేజీలో ఫిజిక్సు చదవాలంటే మార్కులుండాలి, ఫిజిక్సు గదులు ఊడవాలంటే పదో తరగతి తప్పితే చాలు. నేను రెండో దారిన లోపలికి వెళ్ళాను. ఇప్పుడు పేపర్లవాళ్ళు వెంట్రుక కన్నా సన్నటి వాటితో వెలుగుని ఆడించే విద్యకి నానోఫోటోనిక్స్ అని పెద్దక్షరాలతో వేసి, నిన్నగాక మొన్న ఎవరో కనిపెట్టినట్టు రాస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అయ్యా, ఆ పేరు మా దాకా రాకముందే ఆ పని మా మేడమీది చీకటిగదిలో జరిగింది. దాన్ని దాదాపు చంపేసినవాణ్ణి నేనే కాబట్టి, సాక్ష్యం చెప్పే హక్కు నాకుంది.

చేసింది మా కాంతి మేడం (పిల్లలు పెట్టిన పేరులెండి). రోజూ గుడివాడ నుంచి బస్సులో వచ్చి, పాఠాలు చెప్పి, మిగిలిన పొద్దంతా పరిశోధన చేసేవారు. యూనివర్సిటీలో ఆవిడకి గైడుగా ఉన్న పెద్దాయనకి మాత్రం నమ్మకం లేదు. "కాలేజీ ఉద్యోగం చేసుకుంటూ ఇదేం అవుతుందమ్మా? నేనే వచ్చి చూస్తాను. ఫలితం కనబడకపోతే ఇంతటితో ఆపేద్దాం" అని ఉత్తరం రాశారు. ఆ ఫలితమంతా ఒక గాజు పలక మీద ఉంది. దాని మీద వెంట్రుకలో వెయ్యోవంతు కన్నా పల్చగా బంగారం పూత. ఆ పూత వేయించడానికి ఆవిడ ఆర్నెల్లు యూనివర్సిటీ చుట్టూ తిరిగారు. ఆయన రావడానికి ముందురోజు మధ్యాహ్నం చీకటిగది తాళంచెవి నా చేతిలో పెట్టి, "రేపు పొద్దున ఆయన్ని తీసుకొస్తాను. పలక జాగ్రత్తయ్యా, నీదే పూచీ" అని బస్సెక్కేశారు.

పూచీ అన్నాక ఊరుకుంటానా? పెట్టె తీసి చూశాను. బంగారమట! అవతల గోడ మీది క్యాలెండరు అంకెలతో సహా కనబడుతోంది. నాకు మండిపోయింది. మేం బందరు వాళ్ళం. పక్కనే చిలకలపూడిలో ఇంటింటా ఇత్తడి గాజుల మీద బంగారం పూసి, పుట్టింటి నగలని నమ్మించగల పనివాళ్ళున్నారు. మా మేడంని పట్టుకుని ఇంత మోసమా! పలక జేబురుమాల్లో చుట్టి, సైకిలెక్కి, గిల్టు మావయ్య దగ్గరికి వెళ్ళాను (చుట్టం కాదు, ఊరందరికీ మావయ్యే).

"గాజుముక్కకి మెరుగేంట్రా?" అన్నాడు మావయ్య.

"మా మేడం గారిని ఎవరో మోసం చేశారు మావయ్యా. చూడు, పూత పూశామని ఎలా ఇచ్చారో!"

మావయ్య పలకని ఎండకెత్తి చూశాడు. "అయ్యో రామ! ఇది పూతా, ఆవిరా? చదువుకున్నోళ్ళకే ఇట్టాంటివి అంటగడతార్రా. ఒక చుట్టు ముంచనా?"

"రెండు ముంచు. ఊరి పరువు."

పలక అంచుకి తీగ క్లిప్పు తగిలించి, కరెంటు పెట్టి, బంగారు నీళ్ళలో ముంచాడు. బయటికి తీసేసరికి పెళ్ళికూతురి వడ్డాణంలా ధగధగలాడింది. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

పొద్దున పెద్దాయన కుర్చీలో కూర్చున్నారు. మేడం దీపం వెలిగించి, దాని ముందు పలక నిలబెట్టారు. అవతలికి చుక్క వెలుగు రాలేదు. ఆవిడ పలక చేతిలోకి తీసుకుంటే, అందులో ఆవిడ మొహమే కనబడింది. ఆ మొహం తెల్లబోవడం నేనూ అందులోనే చూశాను.

"ఏం చేశావయ్యా?"

"బాగు చేశానండీ. చిలకలపూడి పని. పదేళ్ళయినా నల్లబడదు."

"బాగు చేశావా! వెలుగు దూరి వెళ్ళడానికే కదయ్యా అంత పల్చగా వేయించింది!"

పెద్దాయన గడియారం చూసుకుని లేవబోయారు. మేడం కళ్ళల్లో నీళ్ళు. అప్పటికి నాకు అర్థమైంది, నేను పాడుచేసింది గాజుముక్కని కాదని. ఆవిడ మాత్రం ఓడిపోలేదు. పలకని అటూ ఇటూ తిప్పి, ఒక్కసారి ఆగి, "ఇక్కడ ఎలా పట్టుకున్నాడు మీ మావయ్య?" అన్నారు. క్లిప్పు పట్టిన అంచు నీళ్ళలో మునగలేదు. వేలెడు వెడల్పున పాత పూత అలాగే ఉంది. ఆ అంచుని దీపానికి ఎదురుపెట్టారు. వెలుగు దూరి వచ్చింది. పెద్దాయన మళ్ళీ కూర్చున్నారు. రెండు గంటలు కొలతలు తీయించి, "ఇది చాలమ్మా, కొనసాగించు" అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "వీడిని మాత్రం ఆపెయ్" అన్నారు.

ఆవిడ ఆపలేదు. ఆయన్ని బస్సెక్కించి వచ్చి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, "చూడు" అన్నారు. కన్ను పెట్టి చూశాను. ముందురోజు కోపంలో పట్టించుకోలేదు గానీ, బంగారం లోంచి వచ్చిన వెలుగు పసుప్పచ్చగా లేదు. నారుమడిలా ఆకుపచ్చగా ఉంది! "ఎందుకండీ?" అన్నాను. జీవితంలో నేనడిగిన మొదటి ప్రశ్న అది. జవాబు కోసం ఆ కాలేజీలో చదవని పుస్తకం లేదు. ఇప్పుడు గుడ్లవల్లేరు ఇంజనీరింగు పిల్లలెవరైనా బస్సులో నా పక్కన కూర్చుంటే, అడక్కపోయినా గంటసేపు చెబుతాను. ఆ ఆకుపచ్చకి నేను వేసే లెక్కలో ఇంకా ఎక్కడో తేడా వస్తూనే ఉంది. పాపం, అది తేలకముందే వాళ్ళ ఊరు వచ్చేస్తుంది.