ముగ్గు గీతల్లో నాలుగు గదులు

ఈ రోజు మా ఆయన కొత్త ఇంటికి ముగ్గు పోశారు. నాలుగు గదులు! ఉండేది మేమిద్దరమే, నాకు రెండు చాలు. రేపే పునాది తవ్వుతారు. అయినా చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను.

ఇంతలో పాడేరులో పెద్ద స్లాబు ఇల్లున్న మా తోటికోడలు వచ్చి, నేరుగా మా పొయ్యి దగ్గర కూర్చుంది.

"మీ ఇంట్లో హీటర్లున్నాయి కదక్కా?" అన్నాను.

"గదికొకటెట్టినా సలి పోదే గుంటా! ఆ కరెంటు కోసం ఎక్కడో బొగ్గు తగలెడతారంట, మా పిల్ల ఒకటే గోల."

పెద్ద ఇల్లున్న అక్కే అలా అనేసరికి నాకు ధైర్యం వచ్చింది. బయటికెళ్లి, "మనకి రెండు గదులు సాలండి" అనేశాను.

"నీకూ నోరుందేటి!" అని నవ్వుతూ ఆయన రెండు గదుల ముగ్గు కాలితో చెరిపేశారు.

వంటిల్లు మాత్రం కాస్త పెంచమన్నాను. చలికాలం చుట్టాలంతా అక్కడికే వస్తారు మరి. మీ ఇంట్లో వెచ్చని చోటు ఏది?