తమ్ముడి పేరుతో అన్న ఇచ్చిన శాంపిల్

2021 ఏప్రిల్. ల్యాబ్ టెక్నీషియన్‌గా అది నా సర్వీసులో చివరి సంవత్సరం. ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్‌లో, మోవా పేట దగ్గర ఒక కల్యాణ మండపంలో కరోనా శాంపిళ్లు తీసేవాణ్ని. ఆ నెల నా డైరీ నిండా అంబులెన్సులే. లైన్లో నిలబడ్డవాళ్లు ఆయాసంతో అక్కడే కూలబడేవారు. రోజూ ఇంటికి వెళ్లి, మా ఆవిడకు దూరంగా వరండాలో పడుకునేవాణ్ని.

ఒక ఉదయం ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చి స్థిరపడ్డ కుటుంబం, ఇప్పుడు పండరీ బజారులో బట్టల కొట్టు. తమ్ముడు వంగిపోయి దగ్గుతున్నాడు. అన్న జనం వైపు తిరిగి అరిచాడు.

“ఈ వైరస్‌ని ఎవడైనా విడదీసి సీసాలో చూపించాడేటి? సబ్ ఝూఠ్, అంతా అబద్ధం! మనం నింపిచ్చే చీటీలో దగ్గు, జ్వరం అని ఉంటే చాలు, పాజిటివ్ రాసేస్తన్నారు.”

కొందరు లైన్ వదిలి వెళ్లిపోయారు.

“విడదీశారు బాబూ, పెద్ద ల్యాబుల్లో పెంచారు కూడా,” అన్నాను. “మేం చేసే ఆర్‌టీ-పీసీఆర్ దాని జన్యువు ముక్కల్ని వెతుకుతుంది. మెషీన్ చీటీ చదవదు.”

“చదవదా? చూద్దాం లెండి.”

ఇద్దరూ శాంపిళ్లు ఇచ్చారు. అందరికీ మాస్కులే, ముఖాలు పోల్చుకునే తీరిక లేదు. చీటీలో ఉన్న పేరు శాంపిల్ గొట్టం మీద అంటించడమే మా పద్ధతి.

రిపోర్టులు వచ్చాక ఆ అన్న మళ్లీ వచ్చాడు. బయట ఆటోలో తమ్ముడు రమణ, పెదాలు నల్లబడ్డాయి.

“బాబాయ్‌గారూ, పేర్లు మార్చి ఇచ్చాం. దగ్గు, జ్వరం అని రాసిన వాడి చీటీతో నేను, ఏమీ లేదని రాసిన నా చీటీతో వాడు. మీరు చీటీ చూసి రాస్తారని పట్టుకుందామనుకున్నాను. వాడి శాంపిలే పాజిటివ్ వచ్చింది గానీ, కాగితం నా పేరున ఉంది. రమణ నెగిటివ్ కదాని కోవిడ్ ఆసుపత్రోళ్లు గేటు దగ్గరే ఆపేశారు. మామూలు ఆసుపత్రోళ్లు ఆ దగ్గు చూసి లోపలికి రానివ్వలేదు.”

“ఇప్పుడు సీసా అడగవేం భయ్యా?” అని లైన్లోంచి ఎవరో అన్నారు. ఎవరూ నవ్వలేదు.

కాసేపట్లో ఫలితం తేలే యాంటీజెన్ కిట్ తీసుకుని ఆటో దగ్గరికి పరుగెత్తాను. అందులో పాజిటివ్ వస్తే రమణ పేరున అక్కడికక్కడే కాగితం రాసివ్వొచ్చు, కానీ ఆ కిట్ ఒక్కోసారి జబ్బును పట్టుకోలేకపోవచ్చని ముందే చెప్పాను. అతను నేల మీద కూర్చుని చేతులు జోడించాడు.

“పాజిటివ్ రావాలి తండ్రీ, పాజిటివ్ రావాలి.”

అందరూ రాకూడదని మొక్కుకునే మాట అది. ఆటోలోంచి రమణ ఊపిరి ఈలలా వినబడుతోంది. చివరికి పాజిటివ్ అని చెప్పే రెండో గీత సన్నగా తేలింది. రాసిచ్చిన కాగితం లాక్కుని, అతను ఆటో ఎక్కాడు.

చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉండి రమణ బతికాడు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, లైన్ ఎంత పొడవున్నా, మాస్కు దించమని అడిగి, ఆధార్ కార్డులో ఫొటో చూసి, పేరు వాళ్ల నోటితోనే చెప్పించుకున్నాను. విసుక్కున్నవాళ్లు చాలామందే. పరీక్ష ఎంత నిక్కచ్చిదైనా గొట్టంలో ఉన్నదాని గురించే చెబుతుంది. ఆ గొట్టం ఎవరిదో తేల్చుకోవాల్సింది దాన్ని పట్టుకున్నవాడే.