రేపుగారు పిలిచిన కుక్కలు

మా మామయ్యని ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవరు. ‘రేపుగారు’ అంటారు. షాపుల షట్టర్లు బాగుచేయడం ఆయన పని. స్ప్రింగు తెగినా, పట్టీ వంగినా, షట్టరు సగంలో ఇరుక్కుని పైకీ కిందికీ రాకుండా మొరాయించినా ఆయనకే ఫోను. ఆయన ఫోనెత్తి, అవతలివాళ్ళ గోడంతా ఓపిగ్గా విని, “అబ్బే, అదెంత పని! రేపొచ్చేస్తా” అంటాడు. ఆ రేపు ఇంతవరకు ఏ క్యాలెండరులోనూ అచ్చు కాలేదు.

పని రాక కాదు. చెయ్యి పెడితే క్షణాల్లో అయిపోతుంది. ఆ చెయ్యి అక్కడిదాకా రావడమే గగనం. అందుకే మా బజారులో సగం షట్టర్లు నడుమెత్తున ఆగిపోయి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు, ఈ ఊరి జనం ఎంత వినయవంతులో, షాపులోకి కూడా వంగి దణ్ణం పెట్టినట్టే వెళ్తున్నారనుకుంటారు.

మా అత్త ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. దుప్పట్లు ఉడకబెట్టీ ఉడకబెట్టీ ఆవిడ మాట కూడా వేడిగానే ఉంటుంది. “మా పిల్ల పుట్టేరోజున ఫోను చేస్తే రేపొస్తానన్నాడీయన. అది ఆగలేదు. పుట్టేసింది” అని ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. మామయ్య పక్కనే కూర్చుని అదేదో తన గొప్ప అయినట్టు నవ్వుతాడు.

ఈ మనిషి టైముకి వెళ్ళే చోటు భూమ్మీద ఒక్కటుంది. ఐసు ఫ్యాక్టరీ వెనకాల రేకుల షెడ్డు, దాని ముందు ఖాళీ జాగా. అక్కడ కుక్కలతో బంతి పరుగు ఆడిస్తారు. జట్టుకి నాలుగు కుక్కలు. ఒక్కోటి వరసగా పెట్టిన అడ్డుపలకలు దూకుతూ పోయి, చివర ఉన్న పెట్టెని కాళ్ళతో తన్నాలి. పెట్టెలోంచి బంతి ఎగురుతుంది. దాన్ని నోట కరుచుకుని మళ్ళీ పలకలు దూకుతూ వెనక్కి రావాలి. అది గీత దాటితేనే తర్వాతిది కదలాలి. ఏ జట్టు ముందు ముగిస్తే దానిది గెలుపు. పలకల ఎత్తు జట్టులో అందరికంటే పొట్టి కుక్కని బట్టి పెడతారు కాబట్టి ఈ ఆటలో పొట్టిదానికి ఉన్న గౌరవం ఇంకెక్కడా ఉండదు.

మా జట్టులో ఆ గౌరవం బఠాణీది. అది మామయ్యకి దొరకడం కూడా ఆయన బద్ధకం పుణ్యమే. ఎప్పటికీ మూతపడని ఓ షట్టరు కిందనుంచి కుక్కపిల్ల ఒకటి వానకి లోపల దూరి, బియ్యం బస్తాల మధ్య కాపురం పెట్టింది. కొట్టతను ఫోను చేసి, “నువ్వు రాలేదు గానీ ఇది వచ్చింది. తీసుకుపో” అన్నాడట. ఆ ఒక్కసారి మామయ్య అదే రోజు వెళ్ళాడు. అప్పట్నుంచీ ఆయన జీవితం షెడ్డు చుట్టూ తిరుగుతోంది. ఆయన రేపొస్తానంటే నమ్మి, తలుపు దగ్గర తోకాడిస్తూ కూర్చునే ప్రాణి లోకంలో అదొక్కటే. బంతి పెట్టె కూడా షట్టరు స్ప్రింగుతో తనే తయారుచేశాడు. మొదటిసారి తన్నితే బంతి ఐసు ఫ్యాక్టరీ గోడ దాటిపోయింది. కాస్త తగ్గించాడు. ఇప్పటికీ అది పైకి లేచిందంటే పిట్టలు దారివ్వాల్సిందే. బఠాణీ మెడ ఎత్తి, అది కిందికొచ్చేదాకా చూసి, లటుక్కున పట్టడం నేర్చుకుంది.

ఆ షెడ్డు మీదే వేరేవాళ్ళ కన్ను పడింది. ఎండాకాలం మొదట్లో క్రీడల ఆఫీసరు వచ్చి చూసి, “ఇక్కడ మీరూ మీ కుక్కలూ తప్ప ఎవరూ ఆడటం లేదు. స్కేటింగ్ వాళ్ళు అడుగుతున్నారు. ఈ వేసవిలో బయటి ఊళ్ళనుంచి కనీసం నాలుగు జట్లొచ్చి పోటీ జరిగితే షెడ్డు మీది. లేకపోతే తాళం వాళ్ళది” అన్నాడు.

మామయ్య ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. మా ఊరు ఉత్తరాన మూల. మావైపు రైలు కూడా మొహమాటానికి వస్తుంది. ఇంతదూరం కుక్కల్ని ఎవరు మోసుకొస్తారు?

నేను అప్పటికే కాలేజీ మానేసి వాళ్ళింట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాను. అత్త నాకేసి వేలు చూపించింది. “వీడు చదువు మానేశాడు గానీ నోరు మానలేదుగా. ఫోన్లు చేయించండి.”

చేశాను. నాకు మర్యాదగా మెలికలు తిప్పి మాట్లాడటం రాదు. దక్షిణాన చిట్టచివరి ఊరి జట్టుకి కెప్టెన్ ఒక బస్సు డ్రైవరమ్మ. ఆవిడకే మొదటి ఫోను. “మీ దగ్గర ఎండకి నేల కాలిపోయి కుక్కల కాళ్ళు బొబ్బలెక్కుతున్నాయి కదా? మా ఊళ్ళో వేసవిలో కూడా రాత్రిళ్ళు దుప్పటి కావాలి. వస్తారా, రారా?”

 “వస్తాం” అంది ఆవిడ.

నేను ఎగిరి గంతేశాను. మామయ్య మొహం మాడిపోయింది.

“వస్తానందా?”

“అంది మామయ్యా!”

“అయితే రాదు.”

“అదేంటి?”

“ఒరేయ్ అల్లుడూ, నా బతుకంతా ఈ మాట మీదే నడిచింది. దాని బరువు నాకు తెలీదా? వస్తానంటే, ఇంక ఫోను పెట్టెయ్యరా బాబూ అని. కుదరదు అన్నవాడు ఏ మనసు మారో రావచ్చు గానీ, వస్తానన్నవాడు చచ్చినా రాడు. పది జట్లకి చెబితే ఒకటి దిగుతుంది. నాలుగు దిగాలంటే ఎన్నింటికి చెప్పాలో నువ్వే వేసుకో.”

“అందరూ వచ్చేస్తే?”

దానికి మామయ్య నవ్విన నవ్వుకి ఎక్కిళ్ళొచ్చాయి. అత్త మంచినీళ్ళిస్తూ, “ఒరే, లోకంలో అందరూ మీ మామయ్యలా ఉండర్రా. అందరూ ఇలా ఉంటే పొద్దున సూర్యుడు కూడా రాడు” అంది. ఆయన వినలేదు.

పటంలో ఊరి చుక్క కనబడితే చాలు, అక్కడ కుక్కల జట్టుందా అని ఆరా తీసి పిలిచాను. అందరూ వస్తామనే అన్నారు. అన్నకొద్దీ మామయ్యకి దిగులు ఎక్కువైంది. చివరికి ఫోను తనే లాక్కున్నాడు. ఆ షట్టర్ల మోత కింద మాట్లాడి మాట్లాడి ఆయనకి మామూలు గొంతు లేదు, అరుపే. “మీరు రావాలి! తెలిసిందా! రావాలంతే!” అన్నాడు. అవతలివాళ్ళు, “దానికి తిడతారెందుకండీ, వస్తున్నాం” అని పెట్టేశారు.

పోటీకి ముందురోజు మధ్యాహ్నం షెడ్డు ముందు ఒక వ్యాను ఆగింది. లోపల్నుంచి ముందు నాలుగు సన్నటి కుక్కలు, తర్వాత డ్రైవరమ్మ దిగారు. మామయ్య నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

“అమ్మా! మీరు నిజంగానే వచ్చేశారే!”

“వస్తానన్నాను కదండీ.”

“అన్నారు... అని కూడా వచ్చారు!”

ఆవిడ నావైపు తిరిగి మెల్లగా, “మీ మామయ్య ఒంట్లో బాగానే ఉందా?” అంది.

నాలుగో జట్టు దిగేసరికి మామయ్య బఠాణీని ఎత్తుకుని గిరగిరా తిరిగాడు. ఆరో జట్టుకి తిరగడం ఆపాడు. ఆ తర్వాత వ్యాన్లు, జీపులు, పాలడబ్బాల లారీ ఒకటి, వరసగా వచ్చి ఆగుతూనే ఉన్నాయి. ఐసు ఫ్యాక్టరీ రోడ్డు ఈ చివర్నుంచి ఆ చివరికి తోకలే. మామయ్య మొహం ఐసు దిమ్మలా అయింది. “అల్లుడూ, ఇంకా ఎంతమందిని పిలిచాం?” అన్నాడు. “నువ్వు చెప్పినంతమందిని” అన్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?

అప్పుడే ఆఫీసరు వచ్చాడు. మెచ్చుకుంటాడనుకున్నాం. “ఇన్ని జట్లా! బాగుంది. రాత్రికి వీళ్ళెక్కడ పడుకుంటారు? కురచ వెంట్రుకల కుక్కలు, మన చలికి బిర్రబిగుసుకుపోతాయి. రేపు పొద్దున్నకి ఒక్క జట్టు అలిగి వెళ్ళిపోయినా రాసుకున్న లెక్క తప్పుతుంది, నా రిపోర్టులో పోటీ జరగనట్టే” అనేసి వెళ్ళాడు.

షెడ్డులో రెండు మూడు జట్లకే చోటు. లాడ్జీల వాళ్ళు మనుషులైతే సరే, తోకలైతే కుదరదన్నారు. మామయ్య బంతి పెట్టె మీద కూలబడ్డాడు. అత్త డ్యూటీ నుంచి అటే వచ్చి, ఆ కుక్కల సముద్రాన్ని ఓసారి చూసి, “బజారులో ప్రతి షాపు వెనకా గోడౌను ఉంది. సీజను కాదు, ఖాళీగానే ఉంటాయి. వెళ్ళి అడగండి” అంది.

“వాళ్ళనా?” అన్నాడు మామయ్య. అంత నీరసంగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మొదట బట్టల షాపుకి వెళ్ళాం. ఆ షాపావిడ సగం షట్టరు కిందనుంచి వంగి బయటికొచ్చి, నడుం పట్టుకుని, మామయ్య చెప్పిందంతా ఓపిగ్గా వింది. విని, తియ్యగా నవ్వింది.

“గోడౌనా? అబ్బే, అదెంత పని! రేపు చూద్దాం.”

మామయ్య కొయ్యబారిపోయాడు. ఆ మాట అనడమే గానీ పడటం ఆయనకి అదే మొదలు.

“రేపు కాదమ్మా, చలి ఈ రాత్రికే...”

“నాకు దొంగల భయమూ ప్రతి రాత్రికే అన్నయ్యా. మా పిల్లాడు బడికెళ్ళకముందు నుంచీ రేపొస్తానంటున్నావు. వాడికిప్పుడు మీసాలొచ్చాయి. నా షట్టరు కిందికి దిగిందా, నీ కుక్కలు లోపలికెళ్తాయి. దిగలేదా, అవి ఇక్కడే వణుకుతాయి. అంతే.”

మామయ్య సంచీలోంచి పానా తీశాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను. గ్రీజు, దుమ్ము, ఏళ్ళనాటి పిచ్చుక గూడు ఒకటి నా నెత్తిన రాలాయి. కాసేపటికి షట్టరు ఘర్రుమని కిందికి దిగి, మళ్ళీ పైకి లేచింది. షాపావిడ లోపలికి వెళ్ళింది, అలవాటు కొద్దీ వంగే వెళ్ళింది. “నిటారుగా వెళ్ళవే తల్లీ!” అని పక్క షాపువాళ్ళు అరిచారు.

కబురు బజారంతా పాకింది. ‘రేపుగారు ఇవాళే వచ్చాట్ట!’ చెప్పుల షాపు, సైకిళ్ళ షాపు, గాజు సామాను షాపు, అందరూ రోడ్డు మీదికొచ్చి, “ఇటు, ఇటు” అని చేతులూపారు. ఒక్కో షట్టరు లేవడం, ఒక్కో జట్టు లోపలికి వెళ్ళడం. దూరాలనుంచి వచ్చినవాళ్ళే చొక్కా చేతులు మడిచి బరువులు పట్టారు. డ్రైవరమ్మ నిచ్చెనెక్కి బోల్టులు బిగించింది. మా ఉత్తరాన వేసవి సూర్యుడు కూడా మామయ్య జాతే. పోతా పోతా అంటాడు, పోడు. ఆ వెలుతురే మా పరువు కాపాడింది.

చివర్లో రంగుల షాపు మిగిలింది. డ్రైవరమ్మ జట్టు దిగాల్సింది అక్కడే. ముందు మిగతావాళ్ళకి చోటు చూడమని ఆవిడే ఆగింది. షట్టరు స్ప్రింగు ముక్కలైపోయి ఉంది. మామయ్య సంచీ బోర్లించాడు. ఒక్క స్ప్రింగూ లేదు. బయట ఆ నాలుగు సన్నటి కుక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుని వణుకుతున్నాయి.

“రేపు పొద్దున తెస్తావా?” అన్నాడు రంగుల షాపతను ఎగతాళిగా.

మామయ్య షెడ్డుకి పరిగెత్తి, బంతి పెట్టె తెచ్చి, రోడ్డు మధ్యలో దాని పొట్ట విప్పి, స్ప్రింగు తీసి షట్టరుకి బిగించాడు. బఠాణీ వచ్చి ఆ ఖాళీ పెట్టెని వాసన చూసి, ఆయన మొహంలోకి చూసింది.

“అలా చూడకే. మళ్ళీ చేస్తాలే” అన్నాడు. రేపు అనబోయి మింగేశాడు. నేను చూశాను.

పొద్దున ఒక్క జట్టూ అలగలేదు. పోటీ బయటి జట్లు తెచ్చిన పెట్టెలతో జరిగింది, మా వరసలో డ్రైవరమ్మది. అది మంచి పెట్టె. బంతిని ఎంతవరకు విసరాలో అంతవరకే విసురుతుంది. మా కొంప ముంచిందీ అదే. మా వంతు రాగానే బఠాణీ బాణంలా పోయింది, పలకలు దూకింది, పెట్టెని ఫెడీమని తన్నింది. బంతి వచ్చి దాని ముక్కు ముందు పడింది. అది మాత్రం మెడ ఎత్తి ఆకాశంలోకి చూస్తూ నిలబడిపోయింది. “కిందే! కిందే ఉందే!” అని ఊరంతా గొంతు చించుకుంది. అది మేఘాలకేసి తోకాడించింది. పక్క వరసలో నాలుగు కుక్కలూ పరుగు ముగించి నీళ్ళు తాగుతున్నా మాది ఇంకా బంతి దిగుతుందనే చూస్తోంది. ఎవరితో పెట్టినా అదే కథ. పోటీకి వచ్చిన ప్రతి జట్టు చేతిలోనూ ఓడిపోయిన ఘనత మాదే.

గెలిచింది పాల లారీలో వచ్చిన జట్టు. ఆఫీసరు మాత్రం మామయ్యని పిలిచి షెడ్డు తాళంచెవి చేతిలో పెట్టి, “ప్రతి ఏడూ ఇలాగే జరిపిస్తే ఎవరికీ ఇవ్వను” అన్నాడు. మామయ్య తాళంచెవిని పంటికింద నొక్కి చూసుకున్నాడు, ఎందుకో మరి.

సాయంత్రం డ్రైవరమ్మ వ్యానెక్కుతూ, “వచ్చే వేసవికి కూడా వస్తాం. మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకీ చెప్తాం” అంది. వెనకున్న జట్లన్నీ, “మేమూ వస్తాం, మేమూ వస్తాం” అన్నాయి.

మామయ్య మొహంలో నవ్వు అలాగే బిగుసుకుపోయింది. వ్యాన్లు మలుపు తిరిగాక నా భుజం పట్టుకున్నాడు.

“అల్లుడూ, వాళ్ళు అన్నారంటే వస్తారు కదూ?”

“వస్తారు మామయ్యా.”

“బజారులో ఇంకా ఎన్ని షట్టర్లు చెడి ఉన్నాయి?”

“ఒక్కటీ లేదు. అన్నీ నిన్ననే బాగుచేసేశావు.”

“చచ్చాం” అన్నాడు మామయ్య, తాళంచెవి గుండెకి ఆనించుకుని. “ఇంక ఏం చెప్పి గోడౌన్లు అడగను?”

అత్త బఠాణీని చంకనెత్తుకుని ఇంటిదారి పట్టింది. వెనక్కి తిరక్కుండానే అంది: “కంగారెందుకూ? చేసింది మీరేగా. వచ్చే వేసవికి అవే పాడవుతాయి.”