కడిగిన రాయి మీద సుత్తి

తాను దగ్గరుండి చెక్కించిన శిల్పాలను తన చేత్తోనే కంకర చేయమని ఒక ఉపాధ్యాయుణ్ణి ఆదేశిస్తే, అతడు ఏం చేయాలంటారు?

గార్లదిన్నె ఊరి హుస్సేన్ బాషాది రోళ్లు, తిరగళ్లు చెక్కే ఇల్లు. వరుసగా రెండేళ్లు వాన మొహం చాటేసింది. గింజ లేని ఊళ్లలో తిరగలి కొనేవాడెవడు? అందుకే 1961లో ఒక విశ్వవిద్యాలయం తన శిల్ప విద్యార్థుల కోసం అనంతపురం గుట్టల దాపున రాతిపని కేంద్రం తెరిచి, పని నేర్పమని పిలవగానే వెళ్లాడు. ఉలి పట్టడం తెలియని పిల్లలకు మూడేళ్లు విద్య నేర్పాడు.

అతని పాఠం సుత్తితో కాదు, చెవితో మొదలయ్యేది.

"ఏమప్పా ఈశ్వరప్పా, నీ రాయి గంట మాదిరి పలుకుతాండాదా, పగిలిన కుండ మాదిరా? చెవులు ఇంటికాడ పెట్టి వచ్చినావా?"

పని ముగిశాక చెంబెడు నీళ్లతో రాతిని కడిగించేవాడు. కడిగిన రాతిని మళ్లీ ఇనుము తాకరాదన్నది వాళ్ల ఇంటి కట్టుబాటు.

మూడో ఏడు పరీక్షలయ్యాయి, మార్కులు పడ్డాయి. బిందె మోసే తల్లి బొమ్మను నాలుగు నెలలు చెక్కిన ఈశ్వరప్ప ఆ ఉదయమే దాన్ని కడిగాడు. మధ్యాహ్నం శాఖాధిపతి వచ్చాడు.

"బాషా, వీటిని పెట్టడానికి చోటు లేదు. అన్నీ పగలగొట్టు. కొత్త గది పునాదికి పనికొస్తాయి."

పెద్దమనిషి వేళాకోళమాడుతున్నాడనుకుని బాషా నవ్వాడు. "పాఠం చెప్పే అయివారితో ఇట్ల తమాషా చేస్తారా సార్?"

"అయివారా?" శాఖాధిపతి హాజరుపట్టీ తెప్పించి ఈశ్వరప్ప చేతికిచ్చాడు. "చదివి వినిపించు."

ఈశ్వరప్ప పట్టీలో బాషా పేరున్న వరుస వెతికాడు. "రాళ్లు... రాళ్లు కొట్టే కూలీ అని ఉండాది అన్నా. మూడేండ్లూ అదే."

బాషా తన బొటనవేలిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. నెలనెలా జీతానికి అది ముద్ర వేసింది ఆ మాటల కిందనా? చదవలేని మనిషికి చదివి వినిపించకుండా వేయించుకున్న ముద్ర ఒప్పందమెలా అవుతుంది? అది మోసం. బాషా ఆ శిల్పాల మధ్యే కూర్చున్నాడు.

"కొట్టకపోతే రేపటి నుంచి రానక్కర్లేదు" అన్నాడు శాఖాధిపతి.

భార్య నూర్జాన్, నలుగురు బిడ్డలు ఆ జీతం మీదే బతుకుతున్నారు. ఆ సంగతి బాషాకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. అయినా లేచాడు.

"కూలీలు యాడైనా దొరుకుతారు, పిలిపించుకోండి సార్. నేనైతే కొట్టను. మా ఊరికి పోతాండా." విద్యార్థుల వైపు తిరిగాడు. "నేర్చుకునేటోళ్లు గార్లదిన్నెకు రాండప్పా. ఆడ చెప్తా."