ముసలికుక్కల కాంపౌండరు దేవదానం

వికారాబాదు పశువుల దవాఖాన కాంపౌండరు దేవదానం దివంగతుడైన వార్త గడచిన గురువారం ఉదయపు రైల్లో తాండూరుకు వచ్చింది. తెచ్చినవాడు అక్కడి బంట్రోతు. "కాంపౌండర్ సాబ్ పోయిండు సార్. గుండె ఆగింది" అన్నాడు. చేతిలో ఉన్న మందు సీసా బల్లమీద పెట్టి కూర్చుండిపోయాను. నేను ఆ దవాఖానలోనే డాక్టరుగా పదకొండేళ్లు అతనికి పై అధికారిని. అతని సుగుణాలకన్నా మొండితనమే నాకు ఎక్కువ పరిచయం. కనుక ఈ నాలుగు మాటల్లో స్తోత్రపాఠం వెతకవద్దని పాఠకులకు మనవి.

పోలీసు చర్య తరువాత జాగీర్దార్ల భవంతులు, దేవిడీలు కొన్ని ఖాళీ అయినాయి. వెళ్లినవారు సామాన్లు తీసుకువెళ్లి, వృద్ధములైన రెండు వేటకుక్కలను గొలుసులతోనే వదిలిపోయారు. విషమిచ్చి ముగించమని ఉత్తరువు చేసినవాణ్ణి నేనే. దేవదానం విషం సీసాను తిరిగి అలమారులో పెట్టి, "ముసలితనం రోగమా సార్? రోగం గానిదానికి మందెందుకు?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ నెలలోనే రెండింటికీ ఇళ్లు చూశాడు.

అప్పటినుండి కాపలాకూ మందకూ పనికిరాని కుక్కలన్నీ మా దవాఖాన వరండాకు చేరసాగాయి. బండలమీద పడుకుంటే వాటి మోచేతులు పుండ్లవుతాయని గోనెసంచులు పరిచేవాడు. పళ్లూడినవాటికి జొన్నరొట్టె మజ్జిగలో నానబెట్టేవాడు. ఆ పులుపు వాసన భరించలేక రెండుసార్లు మెమో ఇచ్చాను. రెండూ వినయంగా అందుకున్నాడు, నానబెట్టడం మాత్రం మానలేదు.

అతనికొక నియమం ఉండేది. కుక్కను వదులుకొనేవాడు తానే వచ్చి, తీసుకొనేవారి చేతిలో తాడు పెట్టి, దాని సంగతులన్నీ చెప్పాలి. పెళ్లిలో ఆడపిల్ల అప్పగింతల వంటి తతంగమే. బొంరాస్‌పేట వైపు గొర్లకాపరి మల్లయ్య ఒకసారి తన ముసలికుక్కను తెచ్చాడు. తీసుకోవడానికి స్టేషను దగ్గర మిర్చీలు వేసే బాలవ్వ వచ్చి కూర్చుంది.

"దేనికి బెదుర్తదో అవ్వకు జెప్పు" అన్నాడు దేవదానం.

"ఉరుమొస్తె బెదుర్తది. నా కాళ్లల్ల దూరి పంటది."

"ఇంకా?"

"తోడేలు మీద వడ్డప్పుడు నాకు అడ్డమొచ్చింది. గా చెవు అప్పుడే తెగింది..." మల్లయ్య కుక్క తెగిన చెవిని నిమిరాడు. అవ్వ చేతిలోని తాడు మెల్లగా తీసుకొని, "నడువ్ బిడ్డ, ఇంటికి పోదాం" అని కుక్కతో సహా వెళ్లిపోయాడు.

"గీ ముచ్చట జూడనీకె నా బేరం ఇడిసిపెట్టి రమ్మన్నవా కాంపౌండరా?" అని బాలవ్వ విరుచుకుపడింది.

"జర ఓపిక వట్టు అవ్వా. దానికి ఇల్లు దొరికె గద" అన్నాడు దేవదానం. మరుసటి వారం ఆమెకు వేరే కుక్కను తెచ్చి ఇచ్చాడు. సగం కుక్కలకు అతను వెతికిపెట్టిన కొత్త ఇల్లు వాటి పాత ఇల్లే.

మూడేళ్ల క్రితం నాకు తాండూరుకు బదిలీ అయింది. అక్కడి అద్దె ఇంటి యజమాని కుక్కను ఒప్పుకోలేదు. మా మోతీకి అప్పటికి పదేళ్లు, ఒక కన్ను మసక. అప్పగింతల తతంగం అందరికన్నా నాకు బాగా తెలుసు; తెలుసు కనుకనే వెళ్లలేదు. బంట్రోతుతో మోతీని, వెంట ఒక చీటీని పంపించాను. "సారును ఒక్కపారి రమ్మను" అని దేవదానం కబురు చేశాడు. పని ఒత్తిడి అన్నాను. హైదరాబాదు వెళ్లినప్పుడల్లా వికారాబాదులో రైలు ఆగేది. నేను పత్రిక ముఖానికి అడ్డం పెట్టుకొని కూర్చునేవాణ్ణి.

మోతీని ఏ మంచి ఇంటికో ఇచ్చివుంటాడని ఈ మూడేళ్లూ నిశ్చింతగా ఉన్నాను. శుక్రవారం వికారాబాదులో సమాధి కార్యక్రమం ముగిసిన తరువాత అతని భార్య సుశీలమ్మ నా దగ్గరకు వచ్చింది.

"మోతీని అడగనీకె ముగ్గురొచ్చిండ్రు సార్. ఆయన ఎవ్వలికీ ఇయ్యలే. 'సారు ఆయన చేత్తోని అప్పజెప్పలే. ఇంకా సారు కుక్కనే. నేనెట్ల ఇస్త?' అన్నడు. పోయిన వానకాలం మా ఇంట్లనే పానం ఇడిసింది. ఆకరు దాంక మీరొస్తరనే జూసిండు."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండును.

దవాఖానకు మరో కాంపౌండరు వస్తాడు, నాకన్నా సమర్థుడైన డాక్టరూ ఉన్నాడు. కుక్కను వదిలించుకోవడానికి వచ్చిన మనిషిని ఎదురుగా నిలబెట్టి మాట్లాడించేవాడు మాత్రం మళ్లీ రాడు. ఆ ధర్మమూర్తికి నా నమస్సులు. మూడేళ్లు అతను నాకోసం చూశాడు. రైలు ఆగినన్నిసార్లూ నేను దిగలేదు. క్షమించమని అడగడానికి శుక్రవారం దిగాను. వినేవాడు లేడు.