ఎథెల్ మట్ట కట్టిన బండి

నా మేనకోడలు ఎథెల్ గరాయె తన జీవితంలో మొదటి గెలుపు ఒక పందితో సాధించింది. మా దీవిలో మగపందికి పైదవడ కోరలు తీసేసి, కింది కోర అడ్డు లేకుండా పెరిగి గుండ్రంగా చుట్టు తిరిగేదాకా సాకుతారు. అందుకు ఏళ్లు పడుతుంది. గడ్డలు ఉడకబెట్టి మెత్తగా చేసి చేత్తో తినిపించాలి. అది తాడు తెంపుకుని పోయి ఏ రాతినో కుమ్మిందంటే కోర విరిగి శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఇది మగవాళ్ల పని అని మేం మగవాళ్లమంతా ఒప్పుకున్నాం. ఎథెల్ మాత్రం ఒప్పుకోలేదు. "మీరు సాకిన పందులు చూశాను మావయ్యా, అన్నీ ఒంటికోరవే," అని మా వంశంలో ఎవరి దగ్గరా లేనంత నిండు చుట్టు కోర పెంచి చూపించింది. ఆ కోర ఒక్క చుట్టు తిరిగేలోగా రాజధాని విలాలో ప్రభుత్వాలు ఎన్ని చుట్లు తిరిగాయో నేను లెక్కపెట్టడం మానేశాను. పందే నయం, కట్టిన గుంజకు కట్టుబడి ఉంది.

ఈ మాట అనే అర్హత నాకుంది. నేను మిషను బడిలో ఆరో తరగతి దాకా చదివాను. మా వనువాటుకు స్వాతంత్ర్యం వచ్చిన రోజు ఈ కొండ మీద జెండా తాడు లాగింది ఈ చేతులే. మా కాలంలో మమ్మల్ని ఇద్దరు దొరలు కలిసి ఏలేవారు. ఇంగ్లీషు దొరకో జైలు, ఫ్రెంచి దొరకో జైలు. ఫ్రెంచి జైల్లో కూర బాగుంటుందని మా దొంగలు ఏ దొరకు దొరకాలో ముందే తేల్చుకునేవారు. ఇద్దరినీ సాగనంపి మన వాళ్లనే కూర్చోబెట్టుకున్నాం. ఇప్పుడు దొంగలు జైలు ఎంచుకోనక్కర్లేదు, మంత్రి పదవి ఎంచుకుంటున్నారు. నేను పది చుట్టుకోరల పందులను బలిచ్చి ఈ కొండ మీద పెద్ద హోదా సంపాదించాను. పేటకు మంచినీటి గొట్టం వేయించాను. బడి కప్పు మూడుసార్లు తుఫానుకు పోతే మూడుసార్లూ వేయించాను. ఇవన్నీ చేసిన నాకే ఎథెల్ అంటే కొంచెం భయం.

ఆమె ఇనప పీపాను అడ్డంగా కోసి పొయ్యి చేసుకుని రొట్టెలు కాల్చి అమ్ముతుంది. భర్త హెడ్లీ చేపలు పడతాడు, ఇంట్లో పెద్దగా మాట్లాడడు. మాట్లాడే అవకాశం రాలేదంటాడు. ఒక ఎన్నికలప్పుడు అభ్యర్థులందరూ పోటీపడి బియ్యం బస్తాలు పంచారు. ఎథెల్ బస్తాలన్నీ ఒకచోట చేర్పించి, వండించి, ఊరందరికీ ఒకే పంక్తిలో వడ్డించింది. "ఎవరి బియ్యం ఎవరి కడుపులో ఉందో ఇక దేవుడికే తెలియాలి. ఓటు మీ ఇష్టం," అంది. అది ఆమె రెండో గెలుపు. ఆ ఏడాది ఏ అభ్యర్థీ మమ్మల్ని విశ్వాసఘాతకులని తిట్టలేకపోయాడు.

అయితే ఓడిపోయిన రోజు కూడా ఉంది. ఎథెల్ చెల్లెలు డోరిన్‌కు కాన్పు కష్టమైతే, వెదురుబొంగుకు దుప్పటి కట్టి డోలీలో కొండ దింపారు. ఆస్పత్రి కింద సముద్రం ఒడ్డున ఉంది. వాన పడి వాగు పొంగింది. వాగు తీసేదాకా ఈ గట్టునే కూర్చున్నారు. డోరిన్ ఆ గట్టునే పోయింది, బిడ్డ కూడా దక్కలేదు. డోలీ ఒక కొమ్ము ఎథెల్ భుజం మీద ఉంది. ఆ తర్వాత ఆమెకు ఒకటే కోరిక, కొండకు ఒక బండి కావాలి. వెనక తొట్టె ఉండి, వాగులో దిగి ఎక్కగలిగే బండి. రోగిని పడుకోబెడితే నీళ్లు ఎక్కక ముందే దాటించేయాలి.

మా ఎంపీ అమోస్ హురి ఇస్తానన్నాడు. అమోస్‌ను మేం గబ్బిలం అంటాం. ఏ చెట్టున పండు మాగితే ఆ చెట్టున వాలతాడు. అధికార పక్షంలో నిద్రపోయి ప్రతిపక్షంలో నిద్రలేచిన మనిషి. అప్పటికి మళ్లీ మంత్రిగా ఉన్నాడు. చెప్పినట్టే ఒక రోజు ఓడలో తెల్లటి కొత్త బండి దిగింది. మేం నాట్యం చేశాం. గడ్డల తురుము అరిటాకుల్లో చుట్టి లాప్లాప్ పెద్ద పెద్ద ముద్దలు కాల్చాం. చాపలు పరిచాం. బండికి బదులుగా ఎథెల్ తన చుట్టుకోర పందిని తోలుకొచ్చింది. ఏళ్ల తరబడి చేత్తో తినిపించిన పందిని ఇచ్చేటప్పుడు ఆమె ముఖం నేను చూడలేదు, చూడకూడదనే చూడలేదు.

అమోస్ తాడు పట్టుకుని ఫోటో దిగాడు. ప్రసంగం చేశాడు. అభివృద్ధి అన్న మాట చాలాసార్లు అన్నాడు. సాయంత్రం, "నంబరు రాయించి తెస్తాం," అని బండిని అదే ఓడ ఎక్కించుకుని పోయాడు. పందినీ తీసుకుపోయాడు. మా కొండ మీద ఆ బండి చక్రాల గుర్తు కూడా పడలేదు. తర్వాత విలా నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. బండిలో మంత్రిగారి భార్య బజారుకు పోతోందట, మంత్రిగారు మత్తు కవా తాగే నకమాల్‌కు పోతున్నాడట. నంబరు మాత్రం చక్కగా రాయించారట.

మేం చాలా రోజులు కబుర్లు పంపాం. తర్వాత తిట్లు పంపాం. రెండింటికీ జవాబు ఒకటే, అంటే ఏదీ లేదు.

ఒక సాయంత్రం మా నకమాల్‌లో పెద్దలం కూర్చున్నాం. కవా వేరు దంచి పిసికే వేళ ఆడవాళ్లు నకమాల్ లోపలికి రారు. ఎథెల్‌కు బావగారయ్యే సైలస్ కొబ్బరిచిప్ప ఎత్తి తాగి, ఉమ్మేసి, తీర్పు చెప్పాడు.

"మంత్రితో పెట్టుకుంటే రేపు మనకు రోడ్డు రాదు."

"ఇవాళ వచ్చిందా బావా?" అని వెదురు తడిక అవతలినుంచి వినిపించింది.

"ఎవరది?"

"నేనే. లోపలికి రాలేదుగా. కాలు బయటే ఉంది, నోరొక్కటే లోపలికొచ్చింది."

"ఇంటికి పో ఎథెల్. మేం మాట్లాడుకుంటున్నాం."

"మాట్లాడుకోండి. మీరు ఆ పని ఆపితే కదా ఇంకో పని మొదలయ్యేది. నాకు ఒక్క సంగతి చెప్పండి, వెళ్లిపోతాను. ఆ రోజు నా పంది తాడు ఎవరు పట్టుకున్నారు?"

అది మాకు అంతదాకా తట్టలేదు. మా దగ్గర తెలివైన పెద్దమనిషి పంది తాడును తన చేత్తో అందుకోడు. మేనల్లుడి చేత పట్టించి గుంజకు కట్టిస్తాడు, ఆ తర్వాత ఇచ్చిపుచ్చుకోవడాల మాట తేలుస్తాడు. తాడు సొంత చేతిలోకి వచ్చిందంటే బేరం ముగిసింది. పంది అతనిది, అతను తెచ్చినది మనది. ఇంక వెనక్కి తీసుకుంటే అది దొంగతనం. ఇది చిన్నప్పుడు అమోస్‌కూ తెలుసు. ఫోటో మోజులో మర్చిపోయాడు.

"విలాలో ఉండి ఉండి మరిచిపోయుంటాడు పాపం," అన్నాడు సైలస్.

"నీకు సోలారు దీపం పంపడం మర్చిపోలేదుగా బావా. ఫోటోలో చూడు, తాడు పట్టుకుని ఎలా ఇకిలించాడో. పక్కన పందే కాస్త మర్యాదగా ఉంది."

సైలస్ ఇంకో చిప్ప నింపుకున్నాడు. నవ్వు ఆపుకోలేక ఇద్దరు ముగ్గురు బయటికి పోయారు.

"మావయ్యా," అంది ఎథెల్, ఈసారి నెమ్మదిగా. "రోజినాకు నెలలు నిండుతున్నాయి. నా కూతుర్ని నేను ఆ డోలీలో వేయను. మట్ట ఇస్తావా, ఇవ్వవా?"

నమెలె చెట్టు మట్ట కట్టిన వస్తువును మా దేశంలో ఎవరూ ముట్టరు, కట్టిన గుమ్మం దాటరు. కట్టించిన పెద్ద లెక్క తీరిందని ఒప్పుకున్నాకే అది విప్పాలి. మా జెండాలో పందికోర మధ్యన ఉన్నవి ఆ మట్టలే. దాన్ని కోసి ఇచ్చే హోదా ఈ కొండ మీద నాకుంది, అది ఎలా వచ్చిందో ముందే చెప్పాను. తెల్లవారి కోశాను. చెప్పవలసిన మాటలు దాని మీద చెప్పి ఎథెల్ చేతిలో పెట్టాను. నేనే వెళ్లాల్సింది, కాని ఓడెక్కితే నా కడుపు నా మాట వినదు. పైగా పంది ఆమెది.

ఎథెల్ విలాలో దిగేసరికి అక్కడ అవిశ్వాస తీర్మానం కాలం నడుస్తోంది. మాకు వానాకాలం, తుఫాను కాలం, అవిశ్వాసం కాలం అని మూడు కాలాలు. ఆ కాలంలో రెండు పక్షాలూ తమ ఎంపీలను చెరో హోటల్లో పెట్టి మేపుతాయి, లేకపోతే అవతలివాళ్లు తోలుకుపోతారు. తన మందను కాసే పని అమోస్‌కు అప్పగించారు. రాత్రిపూట ఎవరూ జారిపోకుండా అతను మా తెల్ల బండినే హోటలు గేటుకు అడ్డంగా పెట్టించాడు. ఎథెల్ పొద్దున్నే వచ్చి చూసింది. బండి ముందుభాగానికి మట్ట కట్టింది. పక్కన చాప పరుచుకుని కూర్చుని రొట్టె తిన్నది.

డ్రైవరు తన్నా దీవి మనిషి. మట్ట చూసి తాళం చెవి గేటు మీద పెట్టి దూరంగా నిలబడ్డాడు. కాపలావాళ్లూ అంతే. ఆ రోజే తీర్మానం మీద ఓటు. లోపల గౌరవనీయులందరూ కోట్లు వేసుకుని గేటు దాకా వచ్చి ఆగిపోయారు. చట్టాలను దాటడం వాళ్లకు అలవాటే, మట్టను దాటితే మాత్రం ఊళ్లో తలెత్తుకోలేరు. చివరికి వంటింటి వెనక గోడకు నిచ్చెన వేశారు. ఎథెల్ అదంతా ఫోనులో నాకు చెప్పింది.

"ఒకాయన ప్యాంటు చిరిగింది మావయ్యా. వంటావిడ వెనకనుంచి తోసింది, లేకపోతే అక్కడే ఉండేవాడు."

"అమోస్ ఎక్కాడా?"

"ఎక్కాడు. గబ్బిలం కదా, వాలడమే సరిగా రాలేదు."

గోడ దిగినవాళ్లలో ఇద్దరు అటునుంచి అటే అవతలి హోటలుకు పోయారు. ప్రభుత్వం పడిపోయింది. ఎథెల్‌కు దానితో పని లేదు. కొత్త ప్రభుత్వంలో అమోస్ మళ్లీ మంత్రి అవుతాడేమోనని కూడా ఆమె అడగలేదు. రెండు రోజులయ్యాక అతను నాకు ఫోను చేశాడు.

"చీఫ్ గారూ, ఇదేం పనండీ. మీ మేనకోడలు నా బండికి మట్ట కట్టింది."

"నీ బండికి కట్టలేదే నాయనా. మా బండికి కట్టుకుంది."

"అది ప్రభుత్వం బండి చీఫ్."

"పందిని ప్రభుత్వం తిన్నదా, నువ్వు తిన్నావా?"

"పందికి పంది ఇచ్చేస్తాను."

"ఇవ్వు. అలాంటి నిండు చుట్టు కోరదే ఇవ్వాలి. ఇవాళ పిల్లను కట్టేసి సాకడం మొదలుపెట్టు. మట్ట అప్పటిదాకా ఉంటుంది."

"మీకో బోటు ఇంజను పంపిస్తాను, మంచిది."

"బోటు కొండెక్కదు."

"ఊరంతా నన్ను చూసి నవ్వుతున్నారు చీఫ్."

"మేం ఏడ్చినప్పుడు నీకు ఫోను కలవలేదు అమోస్. నవ్వినప్పుడైనా కలిసింది, సంతోషం."

తీసుకుపొమ్మన్నాడు. కాగితాలు మార్పించాడు కూడా. ఎథెల్ మాత్రం నమ్మలేదు. "ఇదివరకు బండిని మనకిచ్చింది కూడా వీడే," అంది. మట్ట విప్పితే బండి మళ్లీ ఎటో పోతుందని, మా రేవులో నా ముందే విప్పుతానంది. ఓడవాళ్లు మట్ట ఉన్న బండిని ఎక్కించడానికి జంకితే, కట్టించినవాడి మాట కావాలని నన్నే ఫోనులో అడిగారు. సరేనన్నాను. ఎథెల్ ఇప్పుడు బండిలోనే పడుకుంటోంది. ఆ తన్నా డ్రైవరును కూడా వెంట తెస్తోంది. "మంత్రి దగ్గరుంటే ప్రతి నెలా కొత్త యజమాని. నా దగ్గరైతే రొట్టె ఖాయం," అన్నదట. అతను ఒప్పుకున్నాడు.

వారంలోపే బయల్దేరాలి, కాని ఓడ ఇంజను చెడింది. బాగుచేసేవాడు ఇంకో దీవికి పోయాడు. ఇక్కడ నర్సు రోజినా పొట్ట తడిమి చూసి, వచ్చే వారం ఎప్పుడైనా కావచ్చంది. కొండమీద మబ్బులు పట్టాయి. మా వాళ్లు వాగు గట్టును పలుగులతో తవ్వి బండి దిగి ఎక్కేలా వాలు చేస్తున్నారు. సైలస్ కూడా వచ్చి తవ్వుతున్నాడు. డోరిన్ పోయిన చోట రాళ్లు తీసి పక్కన పేర్చారు. నాకు పలుగు పట్టే వయసు కాదు, అయినా మొదటి దెబ్బ నేనే వేశాను. హెడ్లీ ఒక మూల నిలబడి వెదురుబొంగు చెక్కుతుంటే ఎందుకని అడిగాను. "ఓడ రాకపోతే," అన్నాడు. అతను నాతో అన్న పొడుగాటి మాటల్లో అదొకటి.

నిన్న ఎథెల్ ఫోను చేసింది. ఇంజను ఆడుతోందట, బండి ఓడెక్కిందట, తను బండెక్కిందట.

"రోజినాని కాళ్లు కదపొద్దని చెప్పు మావయ్యా. హెడ్లీని ఆ బొంగు పొయ్యిలో పెట్టమను."

"ఓడ ఆలస్యమైతే?"

"నేను దీన్లో ఉన్నాను కదా, ఎలా అవుతుంది?"

ఓడ మా రేవుకు వచ్చేది నర్సు చెప్పిన ఈ వారంలోనే, నవంబరు ఎనిమిది, శుక్రవారం.